శారద లేఖలు: ఇంటి ఉత్తరంలో చట్టం చర్చ
(కనుపర్తి వరలక్ష్మమ్మ పత్రికారచన - ఒక పరిశీలన)

వ్యాస సంగ్రహం:

కనుపర్తి వరలక్ష్మమ్మ (1896-1978) ‘గృహలక్ష్మి’ మాసపత్రికలో ఆరేళ్ళ పాటు నిర్వహించిన ‘శారద లేఖలు’ శీర్షిక తెలుగు స్త్రీల పత్రికారచనలో ఒక ముఖ్యమైన మలుపు. సాహిత్య చరిత్రలు ఆమెను ప్రధానంగా కథకురాలిగా, సంఘసేవికగా గుర్తించాయి. ఈ శీర్షికను ఆమె రచనల జాబితాలో ఒక పేరుగా చేర్చి ముందుకు సాగాయి. లేఖారూపం ఈ శీర్షికకు అలంకారం కాదనీ, శాసనసభల్లో జరుగుతున్న చర్చను ఇంట్లోని స్త్రీకి ఆమె సొంత విషయంగా అందించిన పత్రికారచనా పద్ధతి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ పద్ధతి బలాన్నీ, పరిమితులనూ పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కనుపర్తి వరలక్ష్మమ్మ, గృహలక్ష్మి, శారద లేఖలు, స్త్రీల పత్రికలు, శారదా చట్టం, లేఖాసాహిత్యం, స్త్రీవాద విమర్శ.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య చరిత్ర ప్రక్రియల వారీగా నడిచింది. కవిత్వానికి, నాటకానికి, నవలకు, కథకు అందులో వేర్వేరు అధ్యాయాలున్నాయి. పత్రికల్లో నెలనెలా వచ్చిన శీర్షికలకు మాత్రం స్థిరమైన చోటు లేదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వంటివి వ్యాసప్రక్రియ కింద చేరి నిలిచాయి. స్త్రీలు స్త్రీల పత్రికల్లో రాసిన శీర్షికలకు ఆ అవకాశమూ దక్కలేదు. వాటిని ‘స్త్రీలకు పనికివచ్చే విషయాలు’గా పరిగణించి సాహిత్యానికి బయటే ఉంచారు. దీని వల్ల నష్టపోయినది రచయిత్రులొక్కరే కాదు. తెలుగు స్త్రీలు చట్టం గురించి, ఓటు గురించి, వివాహం గురించి తమలో తాము ఏ భాషలో మాట్లాడుకున్నారన్న చరిత్ర కూడా మరుగున పడింది.

కనుపర్తి వరలక్ష్మమ్మ ఇందుకు తగిన ఉదాహరణ. ఆమె 1896లో బాపట్లలో జన్మించారు. 1909లో కనుపర్తి హనుమంతరావుతో వివాహం జరిగింది. భర్త ఆరోగ్యశాఖలో ఉద్యోగి. కథలు, నవలలు, నాటికలు, పాటలు రాశారు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో చేతిపనుల మీద బతికే కుటుంబాలు ఎదుర్కొన్న కష్టాన్ని చిత్రించిన ‘కుటీరలక్ష్మి’ కథ విమర్శకుల దృష్టికి ఎక్కువగా వచ్చింది. ‘శారద లేఖలు’ మీద మాత్రం ఆ స్థాయిలో రూపపరమైన విశ్లేషణ జరగలేదు. వాటిలోని అభిప్రాయాలను ఏరి చూపడం జరిగింది. ఆ అభిప్రాయాలకు ఉత్తరం రూపమే ఎందుకు అవసరమైందన్న ప్రశ్న వెనకబడింది. ఈ వ్యాసం ఆ ప్రశ్ననే ముందుకు తెస్తుంది.

2. స్త్రీల పత్రికలు - మాట్లాడే గొంతు:

తెలుగులో స్త్రీల కోసం పత్రిక అన్న ఆలోచన సంస్కర్తలైన పురుషుల నుంచి వచ్చింది. కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ నడిపారు. 1893లో ‘తెలుగు జనానా’ వచ్చింది. ‘హితబోధ’ అన్న మాటలోనే ఆ దశ స్వభావం తెలుస్తుంది. అక్కడ చెప్పేవారు తెలిసినవారు, వినేవారు తెలియనివారు. 1902లో వచ్చిన ‘హిందూసుందరి’కి మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి సంపాదకత్వం వహించడంతో ఈ స్థితి మారసాగింది. పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’, వింజమూరి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ ఆ మార్పును కొనసాగించాయి. స్త్రీలు సంపాదకులయ్యారు, వ్యాసకర్తలయ్యారు. అయినా వ్యాసం చాలావరకు ఉపన్యాసాన్నే అనుసరించింది. ‘సోదరీమణులారా’ అన్న సంబోధన వేదిక మీది సంబోధనే. మాట్లాడే వ్యక్తి మారినా, మాట్లాడే ఎత్తు పెద్దగా మారలేదు.

వరలక్ష్మమ్మ ‘గృహలక్ష్మి’లో శీర్షిక ప్రారంభించడానికి ముందే ‘లీలావతి’ అన్న కలంపేరుతో ఆంధ్రపత్రికలో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ రాశారు. ఈ పేరు గమనించదగినది. చెట్టునీడ సభాస్థలి కాదు. పని ముగిసిన వేళ నలుగురు చేరే చోటు. ముచ్చట ఉపన్యాసం కాదు. అందులో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది, విషయం దారి తప్పుతుంది, మళ్ళీ దారిలోకి వస్తుంది. వేదిక ఎత్తును దించాలన్న ఆలోచన ఆమెలో ఆనాడే ఉందని ఈ శీర్షిక పేరు సూచిస్తుంది.

ఆమె ఎంచుకున్న రెండు పేర్లనూ కలిపి చూడాలి. లీలావతి అనగానే భాస్కరాచార్యుని గణితగ్రంథం స్ఫురిస్తుంది. శారద చదువుల తల్లి. రెండూ విద్యతో ముడిపడిన పేర్లే. పతివ్రతల పేర్లు పత్రికల శీర్షికలుగా వెలిగిన కాలంలో ఆమె తన గొంతుకు సావిత్రి, అనసూయల పేర్లు కాక విద్యావతుల పేర్లు పెట్టుకున్నారు. ఈ ఎంపిక యాదృచ్ఛికమే అనుకున్నా, దాని ఫలితం యాదృచ్ఛికం కాదు. పాఠకురాలు శారద మాటను పాతివ్రత్యపు అధికారంతో కాక చదువు ఇచ్చిన అధికారంతో వింటుంది.

3. ‘గృహలక్ష్మి’ - పేరు, పెట్టుబడి, పరిధి:

డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ని ప్రారంభించారు. ఆయన ఆయుర్వేద వైద్యులు. కేసరి కుటీరం తయారుచేసిన ‘లోధ్ర’ స్త్రీల ఔషధంగా ప్రసిద్ధి పొందింది. స్త్రీల ఆరోగ్యం మీద నడిచే వ్యాపారం స్త్రీల చదువు కోసం నడిచే పత్రికకు ఆధారమైంది. దీన్ని తప్పుపట్టడానికి కాక, పత్రిక ఎవరిని తన పాఠకురాలిగా ఊహించుకుందో గ్రహించడానికి గుర్తుంచుకోవాలి. మందు కొనగల స్తోమత, అక్షరజ్ఞానం, తీరిక ఉన్న గృహిణి ఆ పాఠకురాలు. పత్రిక పేరే ఆమె స్థానాన్ని నిర్దేశిస్తుంది. ఆమె లక్ష్మి, ఆమె ఉండవలసిన చోటు గృహం.

ఈ పరిధిలోకి ‘శారద లేఖలు’ వచ్చాయి. శారదా చట్టం, విడాకుల హక్కు, ఖద్దరు, స్త్రీవిద్య, సంఘంలోని దురాచారాలు ఆ లేఖలకు వస్తువులయ్యాయి. ఇవేవీ ఇంటి గడప లోపల తేలే విషయాలు కావు. గృహం పేరు మీద నడిచే పత్రికలో గృహానికి బయటి విషయాలను నెలనెలా రాయడంలోనే ఒక వైరుధ్యం ఉంది. ఆ వైరుధ్యాన్ని ఘర్షణగా మార్చకుండా కొనసాగించడానికి వరలక్ష్మమ్మకు తోడ్పడిన సాధనం ఉత్తరం. ఉత్తరం ఇంట్లోనే పుడుతుంది, ఇంటికే చేరుతుంది. అయితే రెండు ఇళ్ళ మధ్య బయటి దారి ఉంది. ఆ దారిలోని విశేషాలన్నీ ఉత్తరంలో చోటు చేసుకోవచ్చు.

4. ఉత్తరం చేసిన పని:

శారద తన స్నేహితురాలు కల్పలతకు లేఖలు రాస్తుంది. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. గ్రహీత పేరులోనే కల్పన ఉంది. ఈ ఏర్పాటు వల్ల మూడు ప్రయోజనాలు సిద్ధించాయి.

మొదటిది సంబోధనకు సంబంధించినది. ‘సాక్షి’లో జంఘాలశాస్త్రి సభలో ఉపన్యసిస్తాడు. శ్రోతలు గుంపుగా ఉంటారు. గొంతు హెచ్చుతుంది, వాక్యం పొడవవుతుంది, పునరుక్తి అలంకారమవుతుంది. శారద ఒక్కరికే రాస్తుంది. ఆ ఒక్కరు ఆమెకు సమానురాలు. పాఠకురాలు పత్రిక తెరిచి కల్పలత స్థానంలో కూర్చుంటుంది. అజ్ఞానిగా బోధ వినవలసిన అవసరం ఆమెకు ఉండదు. విషయం తెలిసిన స్నేహితురాలిగా కబురు అందుకుంటుంది. ‘సతీహితబోధిని’ నాటి చెప్పేవారు-వినేవారు అన్న సంబంధం ఇక్కడ స్నేహసంబంధంగా మారింది. తెలుగు స్త్రీల పత్రికారచనలో ఇది శైలికి సంబంధించిన మార్పు మాత్రమే కాదు. అధికార సంబంధంలో వచ్చిన మార్పు.

రెండవది ఉత్తరానికి ఉన్న వెసులుబాటు. వ్యాసం ఒక విషయానికి కట్టుబడాలి. ఉత్తరానికి ఆ నియమం లేదు. క్షేమసమాచారం నుంచి శాసనసభ వార్తకు, పండుగ నుంచి ఖద్దరుకు అది వెళ్ళవచ్చు. గృహిణి దినచర్యలో విషయాలు ఎలా కలగలసి ఉంటాయో ఉత్తరంలోనూ అలాగే ఉంటాయి. విడాకుల హక్కు వంటి ప్రశ్న వ్యాసశీర్షికగా ఎదురైతే బెదిరే పాఠకురాలు, స్నేహితురాలి ఉత్తరంలో భాగంగా ఎదురైతే ఆగి చదువుతుంది. చదువురానివారికి ఉత్తరం చదివి వినిపించడం ఆనాటి ఇళ్ళలో అలవాటే. కాబట్టి చెవికి అందే గుణం కూడా ఈ రూపానికి సహజంగా ఉంది.

మూడవది స్త్రీవిద్యా వాదానికి సంబంధించినది. భర్త దూరాన ఉన్నప్పుడు ఉత్తరం రాయగలగడాన్ని స్త్రీవిద్య వల్ల కలిగే ప్రయోజనాల్లో ఒకటిగా తొలితరం సంస్కర్తలు చూపేవారు. చదువుకున్న స్త్రీ రాసే మొదటి ఉత్తరం భర్తకే అన్నది ఆ వాదంలోని ఊహ. ‘శారద లేఖలు’ ఆ ఊహను నిరాకరించకుండానే దాటిపోయాయి. ఇక్కడ స్త్రీ స్త్రీకి రాస్తుంది. రాసేది కుటుంబ వ్యవహారం కాదు, దేశ వ్యవహారం. అక్షరం నేర్చిన స్త్రీ ఆ అక్షరాన్ని ఎవరితో మాట్లాడడానికి వాడుకోవాలన్న ప్రశ్నకు ఈ శీర్షిక మౌనంగా ఇచ్చిన జవాబు ఇది.

5. శారదా చట్టం - శారద లేఖ:

ఈ పద్ధతి ప్రాధాన్యం బాల్యవివాహ నిరోధక చట్టం సందర్భంలో స్పష్టంగా తెలుస్తుంది. అజ్మీరుకు చెందిన హరవిలాస్ సర్దా ప్రతిపాదించిన ఈ బిల్లు 1929లో చట్టమై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. వధువుకు 14, వరునికి 18 సంవత్సరాలు కనీస వయసుగా నిర్ణయించింది. ‘సర్దా’ అన్న ఇంటిపేరు తెలుగులో ‘శారదా’ అయింది. రాజస్థానీ శాసనకర్త పేరు తెలుగువారి నోట చదువుల తల్లి పేరుగా మారింది. అదే కాలంలో శారద అన్న పేరుతో ఒక స్త్రీ ఆ చట్టాన్ని సమర్థిస్తూ లేఖలు రాయడం తెలుగు పాఠకురాలికి ప్రత్యేకమైన స్ఫురణను కలిగించి ఉండాలి. చట్టం పరాయిది కాదు, మనలో ఒకరి మాట అన్న భావానికి ఈ పేర్ల కలయిక తోడ్పడింది.

చట్టం నిర్మాణాన్ని గమనిస్తే ఇటువంటి రచన ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది. ఈ చట్టం బాల్యవివాహాన్ని శిక్షార్హం చేసింది గాని జరిగిన పెళ్ళిని రద్దు చేయలేదు. ఒక సంవత్సరం లోపల ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుంది. ఫిర్యాదు చేసినవారి నుంచి వంద రూపాయల వరకు పూచీకత్తు కోరవచ్చు. ఊళ్ళో బంధువుల మీద, ఇరుగుపొరుగు మీద ఫిర్యాదు చేయడానికి ఎంతమంది ముందుకు వస్తారు? చట్టం అమలులోకి వచ్చే తేదీ ముందే తెలియడంతో, ఆలోగా పెళ్ళిళ్ళు జరిపించడానికి దేశమంతటా తొందర మొదలైంది. అది బ్రిటిషు ఇండియాకే వర్తించడం వల్ల గోదావరి ప్రాంతం వారికి ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాం అనుకూలమైన పెళ్ళిపందిరి అయింది. నైజాం రాజ్యం కూడా ఈ చట్టం పరిధికి బయటిదే. గడువుకు ముందు పెళ్ళి చేయడం, సరిహద్దు దాటి పెళ్ళి చేయడం - ఈ రెండు దారులూ తెరిచే ఉన్నప్పుడు చట్టం బలం దాని సెక్షన్లలో లేదు. ఇంట్లో ముహూర్తం పెట్టేముందు జరిగే మాటల్లో ఉంది.

ఆ మాటల్లోకి దినపత్రిక సంపాదకీయం చేరదు. సంపాదకీయం తండ్రి చదివేది. తల్లి చేతికి వచ్చేది స్త్రీల పత్రిక. అందులోని ఉత్తరం ఆమెకు ఒక వాదాన్ని మాత్రమే కాక, ఆ వాదాన్ని ఇంట్లో వినిపించగల భాషను కూడా ఇచ్చింది. ‘మా స్నేహితురాలు రాసింది’ అన్నట్టుగా ఆమె దాన్ని తిరిగి చెప్పగలదు. చట్టానికి ఫిర్యాదుదారు కావాలి. ఫిర్యాదు దాకా పోకుండానే పెళ్ళి వాయిదా వేయించగల తల్లిని తయారుచేయడం ఈ శీర్షిక చేపట్టిన పని. ఎంతమంది తల్లుల విషయంలో అది నెరవేరిందని లెక్క కట్టే మార్గం లేదు. రచన లక్ష్యం ఏదన్నది మాత్రం దాని రూపమే తెలుపుతుంది.

ఇక్కడ రచయిత్రి జీవితాన్ని గుర్తుచేసుకోవాలి. 1896లో పుట్టి 1909లో వివాహమైన స్త్రీ ఆమె. చట్టం నిర్ణయించిన పద్నాలుగేళ్ళు ఆమె పెళ్ళినాటికి నిండలేదు. శారద లేఖలు రాసిన చేయి, శారదా చట్టం ముందే వచ్చి ఉంటే పెళ్ళిపీటల మీద ఉండేది కాదు. ఈ వాస్తవాన్ని కేవలం జీవితచరిత్ర వివరంగా వదిలేయకూడదు. బాల్యవివాహాన్ని ఖండించిన పురుష సంస్కర్త ఇతరుల బాధను గురించి మాట్లాడాడు. వరలక్ష్మమ్మ తన తరం అనుభవాన్ని తర్వాతి తరం పాలు కాకుండా ఆపడానికి రాశారు. తన పేరుతో, తన కథగా రాయకుండా శారద పేరుతో రాయడం వల్ల ఆ అనుభవం ఒకరి ఫిర్యాదుగా మిగలక అందరి వాదంగా మారింది.

6. పరిమితులు:

ఈ పద్ధతికి బలమైన గుణాలే దాని హద్దులను కూడా నిర్ణయించాయి. స్నేహితురాలికి రాసే ఉత్తరం సమానుల మధ్య నడుస్తుంది. శారద, కల్పలతలు ఒకే సామాజిక వర్గానికి చెందిన చదువుకున్న స్త్రీలు. పొలంలో, మగ్గం దగ్గర, ఇతరుల ఇళ్ళలో పనిచేసే స్త్రీ ఆ లేఖలకు వస్తువు కాగలదు గాని గ్రహీత కాలేదు. అస్పృశ్యత గురించి సానుభూతితో మాట్లాడడం వేరు, ఆ వివక్షను అనుభవించే స్త్రీని ‘నీవు’ అని సంబోధించడం వేరు. లేఖారూపం స్త్రీల మధ్య ఎత్తుపల్లాలను తగ్గించింది. అయితే ఉత్తరం అందుకోగలిగిన స్త్రీల మధ్యనే తగ్గించింది.

రెండవ హద్దు గృహానికి సంబంధించినది. 1927లో వచ్చిన చలం ‘మైదానం’ ఇంటిని విడిచి వెళ్ళిన స్త్రీని కేంద్రం చేసుకుంది. మరుసటి సంవత్సరమే ‘గృహలక్ష్మి’ ప్రారంభమైంది. గృహం, మైదానం అన్న ఈ రెండు పేర్లూ ఆ దశాబ్దపు స్త్రీ ప్రశ్నకు రెండు కొసలు. వరలక్ష్మమ్మ గృహాన్ని విడిచిపెట్టమనలేదు. విడాకుల హక్కును చర్చించినా, కుటుంబాన్ని సంస్కరించి నిలబెట్టడమే ఆమె దృష్టి. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణాన్ని ఆమె తొలి గ్రహీతగా అందుకున్నారు. కలానికి దక్కిన గౌరవం చేతి ఆభరణం రూపంలో రావడం ఆ సంధికాలానికి సరైన గుర్తు.

ఈ కారణాల వల్ల ఆమెను స్త్రీవాది అనవచ్చునా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ‘స్త్రీవాదం’ అన్న పదం తెలుగులో 1980ల తర్వాత స్థిరపడిన అర్థంతో ఆమెను కొలిస్తే, ఆమె సంస్కరణవాది అని తేల్చి పక్కన పెట్టడం సులభం. అలా తేల్చడంలో ఒక పొరపాటుంది. ఆ కొలత రచన ప్రకటించిన అభిప్రాయాన్నే చూస్తుంది, రచన నెలకొల్పిన సంబంధాన్ని చూడదు. స్త్రీ స్త్రీతో మధ్యవర్తి లేకుండా చట్టం గురించి మాట్లాడే స్థలాన్ని సృష్టించడం స్త్రీవాద పత్రికారచనకు మొదటి షరతు. ఆ షరతును వరలక్ష్మమ్మ నెరవేర్చారు. అభిప్రాయంలో సంస్కరణవాదిగా ఉంటూనే రూపంలో ఆమె తన కాలాన్ని దాటారు. ఈ రెండింటినీ విడివిడిగా గుర్తించినప్పుడే మూల్యాంకనం న్యాయంగా ఉంటుంది.

7. హైదరాబాదులో రెండవ పఠనం:

మద్రాసులో అచ్చయిన పత్రికలు విమర్శ వస్తువులుగా మళ్ళీ చర్చలోకి రావడంలో హైదరాబాదుకు ముఖ్య పాత్ర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఒకవైపు నల్లకుంట, విద్యానగర్, మరొకవైపు తార్నాక. ఈ కొద్దిపాటి ప్రాంతంలో 1970ల చివరి నుంచి స్త్రీల చరిత్రకు సంబంధించిన కృషి గట్టిగా సాగింది. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. 1985లో ఏర్పడిన అన్వేషి స్త్రీల అధ్యయన పరిశోధన కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలో చాలాకాలం పనిచేసింది. తార్నాక వైపు ఉన్న ఆంగ్ల, విదేశీభాషల సంస్థలో అధ్యాపకురాలైన సూజీ తారు, కె. లలితతో కలిసి 1991, 1993లలో రెండు సంపుటాలుగా తెచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం పాత స్త్రీల పత్రికల వైపు పరిశోధకుల దృష్టిని మళ్ళించింది. 1993లోనే కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో ‘భూమిక’ హైదరాబాదు నుంచి స్త్రీవాద పత్రికగా వచ్చింది. 2006లో ఆ పత్రిక పేరు మీద స్త్రీలకు సహాయవాణి మొదలైంది. చట్టం గురించి స్త్రీకి స్త్రీ చెప్పాలన్న ఆలోచన ఉత్తరం నుంచి టెలిఫోను దాకా ప్రయాణించిందని దీన్ని చదవవచ్చు. ‘శారద లేఖలు’కు ఈ వరుసలో పూర్వస్థానం ఉంది.

అయితే మూలప్రతుల పరిస్థితి ఆందోళన కలిగిస్తుంది. పత్రిక కాగితం పుస్తకం కాగితం కంటే త్వరగా పెళుసుబారుతుంది. 2000 ఆగస్టు వరదల్లో, నల్లకుంటకు సమీపంలోని బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్న ఉర్దూ పరిశోధన కేంద్రం సేకరణ నీట మునిగిన సంగతి పరిశోధక లోకానికి తెలుసు. ఒకే చోట ఒకే ప్రతి ఉన్న సాహిత్యం ఎంత సులభంగా పోగలదో ఆ ఘటన చూపింది. స్త్రీల పత్రికల విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సాహిత్యం కాదనుకున్నదాన్ని గ్రంథాలయాలు మొదటి నుంచీ శ్రద్ధగా దాచలేదు.

8. ముగింపు:

‘శారద లేఖలు’ పుస్తకరూపంలోనూ వచ్చాయి. పుస్తకం రచనను కాపాడుతుంది. కానీ శీర్షికకు ప్రాణమైన నెలను, పక్క పేజీని తీసేస్తుంది. చట్టం అమలుకు ముందు నెలలో వచ్చిన లేఖకు, అమలు తర్వాత వచ్చిన లేఖకు పని వేరు. ఔషధ ప్రకటన పక్కన అచ్చయిన విడాకుల చర్చకు ఉండే అర్థం, పుస్తకంలో అదే చర్చకు ఉండదు. కాబట్టి ఈ లేఖలను ‘గృహలక్ష్మి’ సంచికల క్రమంలో, చుట్టూ ఉన్న సామగ్రితో సహా చదివే పరిశోధన జరగాలి. అందుకు సంచికల డిజిటలీకరణ ముందుగా పూర్తికావాలి.

శీర్షికారచనను ఒక ప్రక్రియగా గుర్తించడం ఇందులో రెండవ మెట్టు. చెట్టునీడ ముచ్చట నుంచి లేఖకు, లేఖ నుంచి 1952లో మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రారంభించిన ‘ప్రమదావనం’ ప్రశ్నోత్తరాలకు, అక్కడి నుంచి స్త్రీవాద పత్రికల సంపాదకీయాలకు సాగిన వరుసను ఒకే చరిత్రగా రాయవలసి ఉంది. ఆ చరిత్రలో వరలక్ష్మమ్మ స్థానం కథకుల జాబితా చివర ఉండదు. పదమూడేళ్ళకే పెళ్ళిపీటల మీద కూర్చున్న ఒక బాలిక, పెద్దయ్యాక పెళ్ళీడు గురించి దేశం చేసిన చట్టాన్ని సాటి స్త్రీలకు వివరించింది. వివరించడానికి వేదిక ఎక్కలేదు. స్నేహితురాలికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో రెండింటినీ కలిపి చదవడమే ఈనాటి విమర్శ బాధ్యత.